అండకణ రక్షణ: ఎండోమెట్రియాసిస్ పరిశోధన చరిత్రలో హైదరాబాదు

కీలకపదాలు: ఎండోమెట్రియాసిస్, అండకణం, ఆక్సీకరణ, ఐ.వి.ఎఫ్., సీసీఎంబీ, సైబరాబాద్.

ఉపోద్ఘాతం:

మాదాపూర్ నుండి గచ్చిబౌలి వరకు సాగే ఐటీ కారిడార్‌లో సంతానసాఫల్య కేంద్రాలు నేడు సర్వసాధారణం. ఎండోమెట్రియాసిస్‌తో ఇటువంటి కేంద్రాలకు వచ్చే స్త్రీల మందుల చీటీలలో కోఎంజైమ్ క్యూ10, మెలటోనిన్, విటమిన్-ఇ వంటివి కనిపిస్తుంటాయి. అండకణాన్ని ఆక్సీకరణ నుండి కాపాడటం వీటి ఉద్దేశం. ఈ భావన ఎలా ఏర్పడింది, దానికి ఆధారమెంత, అందులో హైదరాబాదు పాత్ర ఏమిటి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

భావన - పూర్వరంగం:

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడమే ఎండోమెట్రియాసిస్. బహిష్టు రక్తం ఫలవాహికల గుండా వెనుకకు ప్రవహించి ఉదరకుహరాన్ని చేరడం దీనికి కారణమని 1927లో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ ప్రతిపాదించాడు. ఆ రక్తంలోని ఇనుము అక్కడే నిలిచిపోతుంది. ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసినప్పుడు జరిగే తీవ్రమైన ఆక్సీకరణను హెన్రీ ఫెంటన్ 1894లోనే వర్ణించాడు. అండాశయంలో ముదురు రక్తంతో నిండే 'చాక్లెట్ సిస్టు'లలో ఈ ఇనుము మరీ అధికం. పక్కనే ఎదిగే అండకణంలోని మైటోకాండ్రియాలు, క్రోమోజోములను విడదీసే కండె తంతువులు దీనివల్ల దెబ్బతింటాయన్నది నేటి అవగాహన. సిస్టును శస్త్రచికిత్సతో తొలగిస్తే దానితోపాటు ఆరోగ్యకరమైన అండాలు కూడా కొన్ని పోతాయి. అందువల్ల ఉన్న అండాలను కాపాడుకోవాలన్న ఆరాటం సహజమే.

విటమిన్-ఇ చరిత్రను ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. 1922లో హెర్బర్ట్ ఎవాన్స్, కాథరీన్ బిషప్ దానిని ఎలుకలలో సంతానోత్పత్తికి అవసరమైన ఆహారాంశంగా గుర్తించారు. 'టోకోఫెరాల్' అన్న పేరుకు గ్రీకు మూలార్థం సంతానాన్ని ప్రసాదించేదని. ఆక్సీకరణ నిరోధకంగా దాని ప్రసిద్ధి తరువాతిది. అంటే సంతానం ఇస్తుందన్న పేరు ముందు వచ్చింది, అది ఎలా పనిచేస్తుందన్న వివరణ వెనుక వచ్చింది. మాత్రలపై నేటి నమ్మకంలో ఈ పాత పేరు ప్రభావం కూడా ఉందని నా అభిప్రాయం.

ప్రయోగశాలలో రక్షణ మరో దారిలో సాగింది. కోతులు, హామ్‌స్టర్లు, కుందేళ్ల ఫలవాహికలలో ఆక్సిజన్ పరిమాణం గాలిలోని 20 శాతం కంటే చాలా తక్కువని 1993లో ఫిషర్, బావిస్టర్ చూపారు. ఇన్‌క్యుబేటర్‌లో ఆక్సిజన్‌ను సుమారు 5 శాతానికి తగ్గించే పద్ధతికి ఇటువంటి పరిశీలనలే బలం చేకూర్చాయి. మాత్రలతో పోలిస్తే దీనికి ప్రచారం తక్కువే.

హైదరాబాదు పరిశోధన:

రక్తం వెనుకకు ప్రవహించడం చాలామంది స్త్రీలలో జరిగేదే. మరి వ్యాధి కొందరికే ఎందుకు? శాంప్సన్ సిద్ధాంతం దీనికి సమాధానం చెప్పలేదు. 1977లో ఏర్పడిన సీసీఎంబీ ఈ ప్రశ్నను జన్యువుల వైపు నుండి సమీపించింది. సిసింతి శివాజీ బృందం, సికిందరాబాదులో సంతానసాఫల్య వైద్యం చేస్తున్న మమతా దీనదయాళ్, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన స్టీఫెన్ కెనడీ కలిసి దక్షిణ భారత స్త్రీలపై చేసిన అధ్యయనాలు 2005లో వెలువడ్డాయి. వాటిలో ఒకటి జీఎస్‌టీఎం1, జీఎస్‌టీటీ1, సీవైపీ1ఏ1 జన్యువులకూ తీవ్రదశ ఎండోమెట్రియాసిస్‌కూ గల సంబంధాన్ని పరీక్షించింది. మొదటి రెండూ గ్లూటాథయోన్ సాయంతో విషపదార్థాలను, ఆక్సీకరణ శేషాలను తొలగించే ఎంజైములకు చెందినవి. కొందరిలో ఈ జన్యువులు పూర్తిగా లోపిస్తాయి. రక్తనాళాల పెరుగుదలకు సంబంధించిన వీఈజీఎఫ్ జన్యువులోని ఒక మార్పు వ్యాధి ముప్పును పెంచుతుందని మరో అధ్యయనం తెలిపింది.

ఈ అధ్యయనాలు వ్యాధి ముప్పుకు సంబంధించినవే తప్ప చికిత్సకు సంబంధించినవి కావు. ఈ జన్యువు లేనివారికి ఈ మాత్ర పనిచేస్తుందని అవి ఎక్కడా చెప్పలేదు. ఈ తేడాను విస్మరిస్తే మంచి పరిశోధన కూడా అమ్మకపు మాటగా మారే ప్రమాదముంది.

ఆధారాలు - చట్టం:

సంతానలేమి గల స్త్రీలలో ఆక్సీకరణ నిరోధకాల వాడకంపై కాక్రేన్ సమీక్ష 2013లో వెలువడి, 2017, 2020లలో నవీకరించబడింది. కొంత మేలు ఉండవచ్చునంటూనే, ఆధారాల నాణ్యత తక్కువ లేదా అతి తక్కువ స్థాయిలో ఉందని అది తేల్చింది. భారత పార్లమెంటు 2021లో చేసిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం కేంద్రాల నమోదును, స్త్రీల వయోపరిమితిని, అండదానాన్ని నియంత్రించింది. చికిత్సకు తోడుగా అమ్మే ఈ మాత్రలను మాత్రం అది స్పృశించలేదు. వాటిలో చాలావరకు ఆహార అనుబంధాలుగానే మందుల దుకాణాలకు చేరుతున్నాయి.