బయానా తీసుకున్న చేతులు

ముస్లింలంటే నవాబులు, జాగీర్దార్లు, అత్తర్లు. తెలుగు చరిత్ర పుస్తకాల్లో మాకు దొరికే చోటు ఇంతే. దూది ఏకినవాళ్లు, గాజుల మలారం మోసినవాళ్లు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికినవాళ్లు ఏమైపోయారు? (దూది ఏకే పని పేరు తెలుగులో తిట్టయి కూర్చుంది, అది వేరే కథ.) రాజుల చరిత్రలో లేనివాళ్లు శిక్షల చరిత్రలో దొరుకుతారని మేం పాత చట్టాలు తిరగేశాం.

1859 నాటి 13వ చట్టం చూడండి. కలకత్తా వర్తకుల సంఘం అర్జీ పెట్టుకుంటే, కంపెనీ పాలన పోయిన మరుసటి ఏడాదే వచ్చింది. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకు, తర్వాత మిగతా చోట్లకు పాకింది. చేతిపనివాడో కూలీవాడో బయానా తీసుకుని సరైన కారణం లేకుండా పని ఎగ్గొడితే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. డబ్బన్నా కట్టాలి, పనన్నా చెయ్యాలి. ఆ ఉత్తర్వు తప్పితే మూడు నెలల దాకా కఠిన శిక్ష. మరి యజమానే కూలి ఎగ్గొడితే? అతనికి అందులో జైలు లేదు. షావుకారు షావుకారుకి బాకీ పడితే సివిలు దావా, పనివాడు బాకీ పడితే నేరం!

బయానా తీసుకోక గతిలేదు. నూలు కొనాలి, గుడ్డ అమ్ముడయ్యేదాకా తినాలి. కంపెనీ రోజుల్లోనే ఇంజరం, మాధవాయపాలెం ఫ్యాక్టరీలకు నేతగాళ్లు ముందు డబ్బు తీసుకుని నేసేవాళ్లు. చట్టం ఎవరి మతమూ అడగలేదు. సాలె, మాల, దూదేకుల ఎవరైనా ఒకటే. అరవై ఆరేళ్ల తర్వాత, 1925లో, దాని రద్దుకు చట్టం చేశారు. శిక్షాస్మృతిలోని 490, 492 సెక్షన్లు కూడా దాంతోనే పోయాయి.

నిజాం రాజ్యం మీదే కదా అంటారు మమ్మల్ని. ఎవరిది? అక్కడ అప్పు తీసుకున్నవాడు దొర దగ్గర భగేలా అయ్యేవాడు. కొడుకూ ఆ అప్పుకిందే పెరిగేవాడు. దొరల్లో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. భగేలా ఒప్పందాలను అదుపు చేస్తామని నిజాం సర్కారు 1936లో నిబంధనలు తెచ్చింది. నలభై ఏళ్ల తర్వాత, 1976 వెట్టిచాకిరి రద్దు చట్టంలో నిషేధించిన పద్ధతుల జాబితా చదవండి: భగేలా, జీతా, పాలేరు, వెట్టి. భగేలా ఇంకా అందులో ఉందంటే 1936 కాగితం ఏపాటి పనిచేసిందో వేరే చెప్పాలా?

ఆ 1976 చట్టం వెట్టి అప్పులన్నీ తీరిపోయినట్టేనంది. అప్పు కింద లాక్కున్న ఆస్తి తిరిగి ఇమ్మంది. ఏ ఊళ్లో ఎవరి చెలక ఎవరికి తిరిగొచ్చిందో మేం ఇప్పుడు ఊరూరా అడుగుతున్నాం.