కొలీజియం కథలో న్యాయవాదుల సంఘం

కొలీజియం మీద ప్రశ్న వస్తే 1993, 1998, 2015 అని వరసగా రాసేసి ముందుకు పోతాం. ఈసారి ఆ కేసుల పేర్లు కాస్త నెమ్మదిగా చదవండి. 1993లోనూ, 2015లోనూ కేసుకు పేరిచ్చిన పిటిషనర్ ఒకరే: సుప్రీంకోర్టు అడ్వకేట్స్ ఆన్ రికార్డ్ అసోసియేషన్. జడ్జీలను ఎవరు నియమించాలన్న వివాదాన్ని రెండుసార్లు కోర్టు మెట్లెక్కించింది ఏ పార్టీయో, ఏ రాష్ట్ర ప్రభుత్వమో కాదు, న్యాయవాదుల సంఘం.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1961 నాటి అడ్వకేట్స్ చట్టంతో ఏర్పడిన చట్టబద్ధ సంస్థ (రాజ్యాంగబద్ధం కాదు, ప్రిలిమ్స్‌లో జాగ్రత్త). వృత్తి ప్రమాణాలు, న్యాయవిద్య ప్రమాణాలు దాని పరిధి. అసోసియేషన్ అలా కాదు. అది న్యాయవాదులు తమంతట తాము పెట్టుకున్న సంఘం. ఇక అడ్వకేట్ ఆన్ రికార్డ్ అంటే సుప్రీంకోర్టు పెట్టే పరీక్ష పాసై, అక్కడ కక్షిదారు తరఫున కేసు దాఖలు చేసే అర్హత పొందిన న్యాయవాది. మన ఊరి కేసు ఢిల్లీ దాకా వెళ్లినా వారి సంతకం కావాల్సిందే.

వివాదం మూలం 124వ అధికరణంలో ఉంది. రాష్ట్రపతి ప్రధాన న్యాయమూర్తిని ‘సంప్రదించి’ నియమించాలి. ‘సమ్మతి’ అనే మాట పెట్టాలన్న సూచనను రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఒప్పుకోలేదు. ప్రధాన న్యాయమూర్తీ మనిషే, ఆయనకు వీటో ఇవ్వడం ప్రమాదం అన్నది ఆయన వాదన. కానీ 1973 ఏప్రిల్‌లో, కేశవానంద భారతి తీర్పు వెంటనే, ముగ్గురు సీనియర్లను పక్కనపెట్టి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. 1977లో హెచ్.ఆర్. ఖన్నాను దాటేశారు. ప్రమాదం రెండో వైపు నుంచీ ఉందని అప్పుడు తేలింది.

1981 నాటి ఎస్.పి. గుప్తా కేసులో పిటిషన్లు వేసింది న్యాయవాదులే. మీకేం నష్టం జరిగిందని కోర్టుకొచ్చారని ప్రభుత్వం అడిగింది. న్యాయవ్యవస్థ స్వతంత్రతలో న్యాయవాదులకు స్వప్రయోజనం ఉంది, వారు రావచ్చు అని కోర్టు చెప్పింది. ఈ కేసును ప్రజాప్రయోజన వ్యాజ్యం చాప్టర్‌లో చదివి వదిలేస్తాం గానీ, తర్వాత సంఘం కోర్టుకు రావడానికి దారి వేసింది ఇదే. అయితే నియామకాల్లో చివరి మాట మాత్రం కార్యనిర్వాహక శాఖదేనని ఆ తీర్పు అంది.

ఆ మాటను తిరగరాయించింది అసోసియేషన్ కేసు. 1993 అక్టోబరు 6న తొమ్మిది మంది ధర్మాసనం 7:2 మెజారిటీతో ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానికే ప్రాధాన్యం ఇచ్చింది. ఆ అభిప్రాయాన్ని ఇద్దరు సీనియర్ జడ్జీలతో కలిసి ఏర్పరచుకోవాలంది. 1998లో రాష్ట్రపతి రిఫరెన్స్ మీద ఆ ఇద్దరు నలుగురయ్యారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన మనిషి ఫాలీ నారిమన్. 1993లో సంఘం పక్షాన వాదించి గెలిచారు. తర్వాత ఆత్మకథలో, ఆ కేసు ఓడిపోయి ఉంటే బాగుండేదని రాసుకున్నారు. కొద్దిమంది జడ్జీలు తమలో తాము మాట్లాడుకుని ఎంపిక చేయడం ఆయనకు నచ్చలేదు. అయినా 99వ రాజ్యాంగ సవరణతో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ వచ్చినప్పుడు అదే సంఘం పక్షాన మళ్లీ నిలబడ్డారు. కొలీజియంలో లోపాలున్నాయని ఒప్పుకుంటూనే ప్రభుత్వ జోక్యాన్ని వ్యతిరేకించవచ్చు. మెయిన్స్‌లో మనం ఈ రెంటినీ కలిపేసి ఏదో ఒక పక్షం తీసుకుంటాం.

ఆ కమిషన్‌లో ఆరుగురు సభ్యులు. వారిలో న్యాయమంత్రి ఒకరు, ‘ప్రముఖ వ్యక్తులు’ ఇద్దరు. ఏ ఇద్దరు కాదన్నా సిఫార్సు ఆగిపోతుంది. 2015 అక్టోబరు 16న ఐదుగురి ధర్మాసనం 4:1తో దాన్ని కొట్టేసింది. ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. కొలీజియంలో పారదర్శకత లేదన్నది ఆయన ప్రధాన అభ్యంతరం. మరుసటి ఏడాది తానే కొలీజియం సభ్యుడిగా ఉండి, చర్చలకు లిఖితపూర్వక రికార్డు లేదంటూ సమావేశాలకు వెళ్లడం మానేశారు.