స్వామిమలై మైనం, పంటి తొడుగు మైనం

మన పిల్లల్లో డెంటల్ ల్యాబ్ పని నేర్చుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు.

పంటి తొడుగు ముందు మైనంలో తయారవుతుంది. దాని చుట్టూ ఇన్వెస్ట్‌మెంట్ పోసి కాలిస్తే మైనం కరిగి కాలిపోతుంది, ఆ ఖాళీలో లోహం నిండుతుంది. దంతవైద్యంలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికా వైద్యుడు విలియం టాగర్ట్. 1907లో న్యూయార్క్‌లో వివరించాడు. అయోవాకు చెందిన ఫిల్‌బ్రూక్ 1897లోనే ఇదే సంగతి చెప్పాడు.

మనం ఉంటున్న నేలకు మాత్రం ఇది చాలా పాత విద్య. నేటి కర్ణాటకలోని బసవకల్యాణ్ రాజధానిగా ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలోనే మానసోల్లాసంలో దీన్ని వివరించాడు. మైనపు బొమ్మను తూచి, వెండి అయితే 12 రెట్లు, బంగారమైతే 16 రెట్లు తీసుకోమన్నాడు. ఇవాళ ల్యాబుల్లో మైనం బరువును లోహ సాంద్రతతో హెచ్చవేసేది కూడా ఇదే లెక్క.

తమిళనాట స్వామిమలై స్థపతులు తేనెమైనంలో గుగ్గిలం కలుపుతారు. ఒడిశా ఢోక్రా పనివారూ చెట్టు జిగురు కలుపుతారు. డెంటల్ మైనంలో ప్రధానంగా పారాఫిన్ ఉన్నా, కార్నాబా, తేనెమైనం, డామర్ కూడా ఉంటాయి. డామర్ కూడా గుగ్గిలం లాంటి చెట్టు జిగురే. ఉత్త పారాఫిన్ చెక్కుతుంటే పెచ్చులూడుతుంది, జిగురు చేరితే నునుపుగా తెగుతుంది. కొవ్వొత్తి మైనం ఇందుకే పనికిరాదు.

ఇన్లే మైనం రెండు రకాలు. నోట్లోనే తీర్చే గట్టి మైనం 37 డిగ్రీల దగ్గర ఒక శాతానికి మించి జారకూడదు. ల్యాబ్‌లో వాడే మెత్తని మైనానికి అదే హద్దు 30 డిగ్రీల దగ్గర. యానాంలోనో, చెన్నైలోనో మే నెలలో గది వేడి 30 దాటడం మనకు తెలియనిదా? చల్లని గది లేని ల్యాబు మెత్తని మైనం వాడితే, తీర్చిన అంచు కదిలిపోతుంది. అలాంటి చోట కాస్త గట్టి రకం ఎంచుకోవడం మేలు. కాల్చాక మిగిలే మసి కూడా 0.1 శాతం లోపే ఉండాలి. తీర్చిన మైనాన్ని పొద్దుపోయేదాకా ఉంచకుండా వెంటనే ఇన్వెస్ట్‌మెంట్‌లో పెట్టాలి.

విగ్రహం అంచు కాస్త తేడా వస్తే ఆకురాయితో సరిచేయొచ్చు. తొడుగు అంచు దగ్గర సందు మిగిలితే పన్ను పుచ్చుతుంది, నష్టపోయేది రోగి. మైనం కొనేటప్పుడు ధరకన్నా ముందు డబ్బా మీద రకం చూడమని మీ పిల్లలకు చెప్పండి.