చందుర్తి యుద్ధం

చందుర్తి యుద్ధం 1758 డిసెంబరులో ఇంగ్లీషు, ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీల సేనల మధ్య జరిగింది. చందుర్తి నేటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోని గ్రామం. ఇంగ్లీషు గ్రంథాల్లో ఇది కొండూరు యుద్ధంగా కనిపిస్తుంది. ప్లాసీకి దక్కిన ప్రసిద్ధి దీనికి దక్కలేదు గాని, మద్రాసుకూ కలకత్తాకూ నడుమనున్న తీరం కంపెనీ చేతికి రావడానికి నాంది ఇక్కడే పడింది.

హైదరాబాదు సుబేదారు సలాబత్ జంగ్ 1753లో ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. వాటిని అదుపులో ఉంచినవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. 1757 జనవరిలో బుస్సీ, విజయనగరం సేనల దాడికి బొబ్బిలి కోట పతనమైంది. ఆ వెంటనే విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. వారసుడు ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో ఫ్రెంచి గవర్నరు లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. అదను చూసి ఆనందరాజు విశాఖపట్నాన్ని పట్టుకొని ఇంగ్లీషువారిని పిలిచాడు. లాలీ దాడికి ఎదురుచూస్తున్న మద్రాసు సాయం చేయలేకపోయింది. కలకత్తాలో మాత్రం కంపెనీ గవర్నరు క్లైవు తన కౌన్సిలు వద్దన్నా వినక, కర్నల్ ఫోర్డు వెంట సుమారు 500 మంది ఐరోపా సైనికులను, 2,000 మంది సిపాయిలను ఓడల్లో పంపాడు.

ఆనందరాజుతో చేసుకున్న ఒప్పందం ప్రకారం గెలిచిన ప్రాంతాల్లో లోపలి భూములు రాజువి, తీరం కంపెనీది. వర్తకులకు కావలసింది రేవులే కదా! సైన్యం ఖర్చుకు రాజు సొమ్ము ఇవ్వాలి. ఆ సొమ్ము సకాలంలో చేతికి రాక ఫోర్డు పదేపదే ఆగవలసి వచ్చింది.

చందుర్తి వద్ద ఎదురైన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర సిపాయిలు, ఫిరంగులు ఎక్కువ. అయినా ఒక పొరపాటు అతని కొంప ముంచింది. బెంగాలు సిపాయిలు తొడుక్కున్న ఎర్రకోట్లను దూరం నుంచి చూసి, ఫ్రెంచివారు వారే ఇంగ్లీషు పటాలం అనుకున్నారు. తమ బలమంతా అటు మళ్లించారు. సిపాయిలు చెదిరిపోయారు. తరుముకుంటూ వరుస తప్పి వచ్చిన ఫ్రెంచి సైనికులపై, ఏపుగా పెరిగిన చేను మాటున ఉన్న అసలు ఇంగ్లీషు పటాలం తుపాకులు పేల్చింది. ఫ్రెంచి శిబిరం, ఫిరంగులు చేజారాయి. కాన్‌ఫ్లాన్స్ రాజమహేంద్రవరానికి పారిపోయాడు.

ఈ గెలుపు ఒక్కటే సరిపోయేది కాదు. ఫోర్డు మచిలీపట్నం కోటను ముట్టడించేసరికి జీతాలందక అతని ఐరోపా సైనికులే ఎదురుతిరిగారు, మందుగుండు తరిగిపోతోంది, సలాబత్ జంగ్ సైన్యంతో వస్తున్నాడు. ఆ స్థితిలో 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు కోటపైకి లంఘించాడు. లొంగిపోయినవారు దాడి చేసినవారికంటే ఎక్కువమంది. వచ్చిన సలాబత్ జంగ్ పక్షం మార్చి, మే నెలలో మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు, ఫ్రెంచివారిని వెళ్లగొట్టడానికీ ఒప్పుకున్నాడు.

తక్కిన భూమి కత్తితో కాక కాగితాలతోనే వచ్చింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం సర్కారులపై ఫర్మానా ఇచ్చాడు. మరుసటి ఏడు హైదరాబాదు పాలకుడు నిజాం అలీ ఖాన్ సాలుసరి సొమ్ము పుచ్చుకునే ఒడంబడికపై వాటిని వదులుకున్నాడు. ఆ బేరానికి మధ్యవర్తి కాండ్రేగుల జోగిపంతులు. గుంటూరు 1788లో చేరింది. 1823లో నిజాంకు ఏకమొత్తం చెల్లించి కంపెనీ ఆ బాకీ తీర్చుకుంది.

ఆనందరాజు 1760లోనే చనిపోయాడు. అతని దత్తు వారసుడు విజయరామరాజును కంపెనీ పేష్కషు (కప్పం) బకాయిల కోసం ఒత్తిడి చేసింది. 1794 జులై 10న పద్మనాభం వద్ద అతడు కంపెనీ సేనతో పోరాడి మరణించాడు.