వాపు వెనక చరిత్ర: అందుగ బంక నుంచి లింగంపల్లి దాకా

పోయిన వారం హాస్టల్‌లో ఒక తమ్ముడి మడమ బెణికి ఉబ్బింది. "అన్నా, దెబ్బ తగిలింది సరే, ఈ వేడి, ఈ ఎరుపు ఎక్కడినుంచి వచ్చినయ్?" అని అడిగాడు. జవాబు వెతికితే మన అడవి కూడా ఉన్న ఒక చరిత్ర దొరికింది. పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఈ నాలుగు గుర్తుల్ని రోమ్‌లో సెల్సస్ దాదాపు 2000 ఏళ్ల కింద రాసిపెట్టాడు. కానీ దెబ్బ తగిలిన చోటికి రక్తాన్ని పిలిచేది ఏంటో 20వ శతాబ్దం దాకా తెలియలేదు. 1910లో ఇంగ్లండ్‌లో హెన్రీ డేల్, జార్జ్ బార్జర్, లైడ్లా లాంటి వాళ్లు హిస్టమిన్ మీద పని మొదలుపెట్టారు. దోమ కుట్టిన చోట దద్దురు లేచేది దానివల్లే. 1949లో బ్రెజిల్‌లో రోషా ఇ సిల్వా బృందం పాము విషాన్ని పరిశీలిస్తూ బ్రాడీకైనిన్‌ను కనుక్కుంది. రక్తనాళాలను వెడల్పు చేసి నొప్పి పుట్టించే పదార్థం అది.

అసలు ముడి విప్పింది 1971లో జాన్ వేన్. విల్లో చెట్టు బెరడుతో జ్వరం తగ్గుతుందని యూరప్ పల్లెజనానికి ముందే తెలుసు. ఆ దారిలోనే 1897లో బేయర్ కంపెనీలో ఆస్పిరిన్ తయారైంది. అది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మాత్రం ఇంకో 74 ఏళ్లు పట్టింది. కణం పొరలో అరకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఉంటుంది. దెబ్బ తగలగానే అది విడుదలై, వాగు చీలినట్టు రెండు పాయలవుతుంది. కాక్స్ ఎంజైమ్ పాయలో ప్రోస్టాగ్లాండిన్లు వస్తాయి, 5-లాక్స్ పాయలో ల్యూకోట్రైన్లు వస్తాయి. ఆస్పిరిన్ మొదటి పాయకు అడ్డుకట్ట వేస్తుంది. కడుపు లోపలి పొరను కాపాడేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే, అందుకే ఖాళీ కడుపున నొప్పి మాత్రలు మింగితే మంట. ఈ పరిశోధనకే 1982లో వేన్, బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్‌సన్‌లకు నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. లింగంపల్లిలో రైలు దిగి మనలో చాలామంది వెళ్లే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ పల్లు రెడ్డన్న ఈ రెండు పాయల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. స్పిరులినా అనే నాచులోని నీలి ప్రోటీన్ కాక్స్-2ను అడ్డుకుంటుందని ఆయన బృందం 2000లో చూపించింది.

రెండో పాయ కథ మన అడవిది. ఆదిలాబాద్, నల్లమల కొండల్లో అందుగ చెట్టుకు గాటు పెట్టి బంక తీసేది మనవాళ్లే. ఆ బంకలోని బాస్వెల్లిక్ ఆమ్లాలు 5-లాక్స్‌ను అడ్డుకుంటాయని 1990ల మొదట్లో జర్మనీ పరిశోధకులు చూపించారు. దాని సారంతో విజయవాడ కంపెనీ తయారుచేసిన మందును మోకాళ్ల నొప్పులున్న 75 మంది మీద పరీక్షించి, ఫలితాలను 2008లో అచ్చువేశారు. ఇంత కథలో మనవాళ్లు కనిపించేది బంక ఏరేవాళ్లుగానే.

2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా ఇవ్వాలంది. 2023 సవరణ, గ్రంథాల్లో రాసి ఉన్న సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు ఆ బాధ్యత లేకుండా చేసింది. అందుగ ఆయుర్వేదంలో సల్లకి పేరుతో ఉంది. కాబట్టి మిగిలింది, ఇంకా ఎక్కడా రాయని మన పెద్దల జ్ఞానమే. దానికి ప్రతి ఊళ్లో జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలని చట్టమే చెబుతోంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అడవి మందు అన్నంత మాత్రాన ప్రతిదీ పనిచేయదు. పాము కరిస్తే ఆకు పసరు కాదు, వెంటనే ఆసుపత్రికే పోవాలి. ఏది పనిచేస్తుందో, ఏది చేయదో పరీక్షించే చేతులు కూడా మనవే కావాలి.

సెలవులకు ఇంటికి పోతున్నారుగా. అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చోండి. చెట్టు పేరు మన భాషలో, ఏ భాగం, దేనికి, ఎంత మోతాదు, అన్నీ రాసుకోండి. పంచాయతీలో మీ ఊరి రిజిస్టర్ చూపించమని అడగండి. అందులో మన పేరు లేకపోతే, మనమే రాయిద్దాం.