కబురు గుడిసె దాకా చేరాలి

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. తుపాను వస్తోందన్న కబురు చాలా గుడిసెలకు చేరనేలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ మా వేటపాలెం పక్కనే, బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈసారి ఉపగ్రహాలు, రాడార్లు ముందే పసిగట్టాయి; జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు.

తీరాన బతికే మేము నేర్చుకున్నది కొండల్లోని మనవాళ్ళకూ పనికొస్తుంది. అక్కడ వ్యవధి ఇంకా తక్కువ. తేమగాలి కొండవాలు ఎక్కి కొద్ది గంటల్లోనే ఉరుముల మబ్బవుతుంది. రాడారుకు కొండలు అడ్డొస్తాయి. పైన వాన కురిస్తే, కింద ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. అందుకే పైఊరివాళ్ళు వెంటనే కిందూరికి ఫోను చేయాలి. ఆ నంబర్లు మన బడిగోడల మీద రాసిపెట్టుకుందాం.