కంపెనీ డబ్బు, పార్టీ చందా: చాగ్లా హెచ్చరిక

ఈ రోజు కంపెనీలు రాజకీయ పార్టీలకి ఇచ్చే చందాల గురించి మాట్లాడుకుందాం. ఎలక్టోరల్ బాండ్ల మీద టీవీల్లో బోలెడంత విన్నారు కదా, నేను అక్కడ మొదలుపెట్టను. 1957కి వెళ్దాం, బొంబాయి హైకోర్టుకి.

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ మెమొరాండంలో, అంటే కంపెనీ ఏమేం పనులు చెయ్యొచ్చో రాసుకున్న పత్రంలో, పార్టీలకి డబ్బిచ్చే మాట లేదు. దాన్ని చేర్చుకుంటామని కోర్టుకి వచ్చారు. ఒక వాటాదారు అడ్డుపడ్డాడు. కేసు చీఫ్ జస్టిస్ ఎం.సి.చాగ్లా ముందుకొచ్చింది.

కాలం గమనించండి. 1956 పారిశ్రామిక విధానంలో ఉక్కు రంగాన్ని ప్రభుత్వం తనకోసం ఉంచుకుంది. కాబట్టి ప్రభుత్వం ఏం చేస్తుందన్న దానిమీదే మా వ్యాపారం ఆధారపడి ఉంది, అనుకూలమైన పార్టీకి సాయపడటం వ్యాపార ప్రయోజనమే అన్నది కంపెనీ వాదన. నిజం చెప్పాలంటే ఆ వాదనలో పస లేకపోలేదు. చట్టంలో నిషేధం లేదు కనుక చాగ్లా అనుమతి ఇచ్చారు. కానీ ఆయనకి మనసొప్పలేదని తీర్పు చదివితే తెలిసిపోతుంది. పెద్ద డబ్బు ప్రజాస్వామ్యం గొంతు నులిమే ప్రమాదం ఉంది, పార్లమెంటు చూసుకోవాలి అని హెచ్చరించారు.

పార్లమెంటు చూసుకుంది, తనకి తోచినట్టు! 1960లో పరిమితి పెట్టారు: 25 వేల రూపాయలు, లేదా మూడేళ్ల సగటు లాభంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. 1969లో ఏకంగా నిషేధించారు. చందాలు ఆగాయా? నల్లడబ్బు దారి పట్టాయి. 1985లో నిషేధం ఎత్తేశారు.

ఇక 2013 కంపెనీల చట్టం. నాకు ఆసక్తి ఇక్కడే. ఒకే చట్టంలో రెండు సెక్షన్లు. 135 ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దానికి కమిటీ ఉండాలి, ఏటా లెక్క చెప్పాలి. పార్టీకిచ్చిన చందా ఆ లెక్కలోకి రాదు. 182 ప్రకారం పార్టీకి 7.5 శాతం దాకా ఇవ్వొచ్చు. దానికి బోర్డు తీర్మానం ఒక్కటి చాలు. బడి కట్టడానికి కమిటీ కావాలి, పార్టీకి ఇవ్వడానికి అక్కర్లేదు. ఇదేం తూకమండీ?

2017లో ఆ 7.5 శాతం హద్దు కూడా తీసేశారు, ఏ పార్టీకి ఎంత ఇచ్చారో లెక్కల్లో చెప్పనక్కర్లేదన్నారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వొచ్చు. లాభమే లేని కంపెనీ ఎవరి డబ్బు ఇస్తున్నట్టు? 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లతో పాటు ఈ సవరణలనీ కొట్టేసింది.

హద్దు తిరిగొచ్చింది సరే. బ్రిటన్‌లో 2000లో చేసిన చట్టం ప్రకారం ఒక మొత్తం దాటితే వాటాదారుల అనుమతి తీసుకోవాలి. మన దగ్గర మాత్రం 1957లో ఆ వాటాదారు కోర్టు మెట్లెక్కినప్పటి ప్రశ్న అలాగే ఉంది: డబ్బు వాటాదారులది, నిర్ణయం బోర్డుది. 1969 నిషేధం వెనక కథ వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.